నాలుగో వాక్యం

జూన్ 3, సోమవారం

పాదాల కరపత్రం పూర్తయింది. ఎనిమిదింటిలో ఇది ఆరోది. పళ్ళు, చేతులు, నీళ్ళు, నిద్ర, సిగరెట్టు అయిపోయాయి. ఇంకా రెండున్నాయి.

చర్మం డాక్టరుకు చూపించాను. ఒక మాట మార్చి, బావుందని కింద సంతకం పెట్టాడు. పగటిపూట నడిచే మా సెంటరు నర్సుకు చూపించాను. ఆవిడ ఏమీ మార్చలేదు. పేపర్లో పనిచేసిన ఇరవై రెండేళ్ళూ ఇద్దరిని అడక్కుండా ఏ వాక్యాన్నీ అచ్చుకు పంపలేదు. పేపరు మూతపడింది గానీ ఆ అలవాటు పోలేదు.

మొత్తం ఐదు వాక్యాలు. నాలుగోది చాలాసేపు దిద్దాను. చివరికి ఇలా కుదిరింది: "పడుకునే ముందు బూట్లూ సాక్సులూ విప్పేసి, రాత్రంతా పాదాలకు గాలి తగలనివ్వండి."

చెల్లెలికి చదివి వినిపించాను. కుట్టు మిషను ఆపకుండానే విని, "ఇది కూడా తెలియనివాళ్ళుంటారా?" అంది. అంటే తేలిగ్గా అర్థమవుతోందన్నమాట.

జూన్ 5, బుధవారం

క్లాసుకు పద్నాలుగు మంది వచ్చారు. బన్ను, టీ ఇచ్చే రోజు కాబట్టి. పదహారు నుంచి ఇరవై నాలుగేళ్ళ లోపు వాళ్ళు. కొందరికి ఇల్లు లేదు. కొందరికి ఉంది, వెళ్ళలేరు.

నాలుగో వాక్యం చదివినప్పుడు నవ్వారు. అందరూ కాదు, ఆరేడుగురు. లాయరు అయితే బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. ప్రతిదానికీ వాదిస్తాడని తోటివాళ్ళు పెట్టిన పేరది. ఇరవై ఏళ్ళుంటాయి.

"నైట్ డ్రెస్సు కూడా వేసుకోవాలా మేడం?" అన్నాడు.

మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. క్లాసులో నవ్వు వినపడితే మంచిదని కోఆర్డినేటర్ అంటుంటాడు. ఫారంలో "పాల్గొన్నవారి స్పందన" అన్న గడిలో "ఉత్సాహంగా ఉంది" అని రాశాను.

జూన్ 7, శుక్రవారం

ఉడతకు ఉద్యోగం దొరికేట్టుంది.

ఉడత అంటే జేబుల్లో ఎప్పుడూ బిస్కెట్లు, దారం, సబ్బుముక్క దాచుకునే పిల్ల. పంతొమ్మిదేళ్ళు. అనాథాశ్రమంలో పెరిగింది. పద్దెనిమిది నిండిన రోజున ఒక సంచీ, ఒక సర్టిఫికెట్టు ఇచ్చి పంపేశారు. పద్నాలుగు నెలలుగా బస్సు డిపో వెనక, టైర్లు పడేసే రేకుల షెడ్డు పక్కన పడుకుంటోంది. లాయరు, ఇంకో ముగ్గురు కూడా అక్కడే.

ఉద్యోగం హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. నలుగురు ఆడవాళ్ళకు ఒక గది కూడా ఇస్తారు. జీతం ఎంతో ఉడత అడగలేదట. "లోపలివైపు గడియ ఉంటుందా?" అని అడిగిందట. ఉంటుందన్నారట. గడియ సంగతి నాకు మూడుసార్లు చెప్పింది.

ఒక్కటే అడ్డు. తడి నేల మీద పది గంటలు నిలబడే పని. 24న లాండ్రీ డాక్టరు చూస్తాడు. నర్సు ఉడత బూట్లు విప్పించింది. గది మొత్తం వాసన. అరికాళ్ళు రాత్రంతా నానబెట్టినట్టు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. వేళ్ళ మధ్య పగుళ్ళు.

"ఎన్నాళ్ళకోసారి విప్పుతావు ఇవి?" అని నర్సు అడిగింది.

"ఇక్కడ స్నానం చేసినప్పుడు."

"అంటే వారానికి రెండుసార్లు. ఈ కాళ్ళతో వాళ్ళు తీసుకోరు. పదిహేను రోజులు మందు రాసి, గాలి తగిలేలా ఉంచితే తగ్గుతాయి."

నర్సు వెళ్ళాక నేను పక్కన కూర్చున్నాను.

"నా కరపత్రం చదివావా?"

"చదివా పేపరక్కా. కాళ్ళకి గాలి పెట్టమన్నావు."

"మరి?"

"పగలు పెడతాలే."

"పగలు నడుస్తూ ఉంటావు. రాత్రే ముఖ్యం."

కొంచెంసేపు నా ముఖం చూసింది. "రాత్రి కష్టం పేపరక్కా" అంది.

"కష్టమేముంది? విప్పి పక్కన పెట్టుకోవడమే కదా. నీకు ఆ గది కావాలా, వద్దా?"

కావాలంది. చేతిలో చెయ్యి వేయించుకుని మాట తీసుకున్నాను.

జూన్ 12, బుధవారం

మాట నిలబెట్టుకుంటోంది. నాలుగు రాత్రుల నుంచి బూట్లు విప్పే పడుకుంటోందట. రెండింటి లేసులూ కలిపి ముడేసి తలకింద పెట్టుకుంటోందట. పగుళ్ళు ఎండుతున్నాయి. నర్సు సంతోషించింది.

కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. క్లాసులో కూర్చునే నిద్రపోయింది. కొత్త ఉద్యోగం గురించి ఆలోచనలతో నిద్ర పట్టడం లేదేమో. నిద్ర కరపత్రం ఇంకో కాపీ ఇచ్చాను. రోజూ ఒకే వేళకు పడుకోవడం అన్న చోట గీత గీసి ఇచ్చాను.

జూన్ 14, శుక్రవారం

కోఆర్డినేటర్ ఉడత పాదాలకు ఫొటో తీశాడు. మొదటి రోజుది నర్సు తీసింది ఉంది. రెండూ పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. 27న ప్రాజెక్టుకు నిధులిచ్చేవాళ్ళు వస్తున్నారు. "అలవాటు మారితే ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి మేడం" అన్నాడు. అబద్ధం కాదు. కరపత్రం ఐదువేల కాపీలు అచ్చుకు వెళ్ళింది.

"నా కాళ్ళు పేపర్లో పడతాయా?" అని ఉడత అడిగింది.

"పేపరు కాదు, రిపోర్టు."

"ముఖం వెయ్యకపోయినా ఫర్వాలేదులే. కాళ్ళే బావున్నాయి."

జూన్ 17, సోమవారం

ఉడత పొద్దుటి నుంచి సెంటర్లో వాషింగ్ మిషను పక్కన నిలబడే ఉంది. అందరి బట్టలూ తనే మడతపెట్టింది. కూర్చోమంటే వినలేదు. పది గంటలు నిలబడటం అలవాటు చేసుకుంటోందట. మనం ఎనిమిది గంటలే తెరుస్తామని గుర్తు చేశాను. "మిగతా రెండు గంటలూ బస్టాపులో నిలబడతా" అంది.

లాయరు మడత సరిగ్గా లేదని తన చొక్కా వెనక్కి ఇచ్చాడు. "కస్టమర్లతో ఇలాగేనా మాట్లాడేది? మీ మేనేజరును పిలువు" అన్నాడు. ఉడత చొక్కాతో అతని వీపు మీద ఒకటిచ్చింది.

ఇంకో వారం ఇలా సాగితే డాక్టరు దగ్గర పాసవుతుందని నర్సు చెప్పింది.

జూన్ 20, గురువారం

తొమ్మిదిన్నరకు వచ్చింది. కాళ్ళకు పాలిథిన్ కవర్లు, జారకుండా రబ్బరు బ్యాండ్లు. కుడి కవరులో రక్తం.

"పోయాయి పేపరక్కా" అంది. తప్పు తనదైనట్టు.

పదకొండు రాత్రులు బూట్లకు కాపలా కాసిందట. కునుకు పడితే ఎక్కడ పోతాయోనని గిల్లుకుంటూ కూర్చుందట. పన్నెండో రాత్రి నిద్ర పట్టేసింది. తలకింది నుంచి లాగేసినా మెలకువ రాలేదు. "ఎంత బాగా పట్టిందో తెలుసా" అంది. అక్కడి నుంచి సెంటరుకు నాలుగు కిలోమీటర్లు. దార్లో గాజుపెంకు దిగింది.

గురువారం నర్సు రాదు. నేనే కడిగి కట్టు కట్టాను. గాయం వేళ్ళ కింద, చిటికెన వేలు వైపు. లోతుగానే ఉంది. విరాళాల పెట్టెలో మగవాళ్ళ పదో నంబరు బూట్లు ఒక జత, చిన్నపిల్లల చెప్పులు, రెండూ ఎడమ కాలివే అయిన సాండల్స్ ఉన్నాయి. భోజనం వేళలో బజారుకు వెళ్ళి కాన్వాసు బూట్లు కొని తెచ్చాను.

ఆస్పత్రికి వెళ్ళమని చెప్పాను. తీసుకెళ్ళలేదు. రెండింటికి క్లాసుంది. చేతుల శుభ్రత మీద.

12న నేనిచ్చిన నిద్ర కరపత్రాన్ని ఉడత తీసుకుంది. మడిచి జేబులో పెట్టుకుంది.

జూన్ 21, శుక్రవారం

నర్సు గాయం విప్పి, కడిగి, ఇంజెక్షను ఇచ్చింది. మాత్రలు ఇచ్చింది. తడవకుండా చూసుకోమంది. పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోమంది. ఉడత అన్నిటికీ తలూపింది. కుడి కాలు కొత్త బూటులో పట్టడం లేదు. లేసు తీసేసి తొడుక్కుంది.

జూన్ 22

వాన.

జూన్ 23

వాన. చెల్లెలు కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది.

జూన్ 24, సోమవారం

లాండ్రీకి నేనూ వెళ్ళాను. ఉడత గేటు దగ్గర నుంచి డాక్టరు గది వరకు కుంటకుండా నడిచింది. నలభై అడుగులుంటుంది. ఎలా నడిచిందో నాకు తెలియదు. గది బయట ఒక బోర్డు మీద గదుల తాళాలు వరసగా వేలాడుతున్నాయి. వాటినే చూస్తూ కూర్చుంది.

డాక్టరు మర్యాదస్తుడే. కుడి బూటు విప్పమన్నాడు. విప్పడానికి నేను సాయం చెయ్యాల్సి వచ్చింది. పాదం మీద ఎరుపు మడమ వరకు పాకి ఉంది. వేళ్ళు రెండు నల్లబడుతున్నాయి.

"ముందు ఆస్పత్రికి వెళ్ళండి. ఉద్యోగం సంగతి తర్వాత" అన్నాడు.

"తర్వాత అంటే గది ఉంటుందా సార్?" అని ఉడత అడిగింది.

గది విషయం ఆఫీసులో అడగమన్నాడు. ఆఫీసులో ఒకావిడ రిజిస్టరు చూసి, జాబితాలో తర్వాతి అమ్మాయిని రేపే పిలుస్తామంది. మంచం ఖాళీగా ఉంచే పద్ధతి లేదట. ఆవిడా మర్యాదగానే చెప్పింది.

అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రికి. ఐదు గంటలు కూర్చున్నాం. మంచం దొరికింది. ఒళ్ళు కాలిపోతోంది. దుప్పటి కప్పుకుని, "ఇది ఏ లాండ్రీలో ఉతికారో, మరక అలాగే ఉంది" అంది.

జూన్ 25, మంగళవారం

నాలుగో వాక్యంలో తప్పుందా అని ఇద్దరిని అడిగాను. చర్మం డాక్టరును, నర్సును. లేదన్నారు.

జూన్ 27, గురువారం

నిధులిచ్చేవాళ్ళు ముగ్గురు వచ్చారు. కరపత్రాలు కూడా ఇవాళే వచ్చాయి. ఐదువేలు, పది కట్టలు. అచ్చు శుభ్రంగా ఉంది.

ఫొటోలు చూపించొద్దని కోఆర్డినేటర్‌కు పొద్దున్నే చెప్పాను. చూపించలేదు. కానీ నా పక్కన కూర్చున్నాయన పాదాల కరపత్రం తీసి చదివి, "చాలా స్పష్టంగా ఉంది. ఎవరు రాశారు?" అన్నాడు. నేనే అన్నాను.

వాళ్ళు వెళ్ళాక నల్ల మార్కరు తీసుకుని నాలుగో వాక్యం కొట్టేయడం మొదలుపెట్టాను. మూడువందల నలభై కాపీలయ్యేసరికి కోఆర్డినేటర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు.

"కొట్టేస్తే అదే చదువుతారు మేడం" అన్నాడు. "అయినా అందులో తప్పేముంది? డాక్టరు సంతకం ఉంది. కాళ్ళు తగ్గాయి కూడా కదా."

నిజమే. ఆ వాక్యంలో తప్పు లేదు. పేపర్లో అయితే తప్పు పడిన మర్నాడు రెండో పేజీలో సవరణ వేసేవాళ్ళం. దీనికి ఏం సవరణ వెయ్యాలి? మార్కరు మూత పెట్టేశాను.

జూలై 1, సోమవారం

లాయరు తనంతట తానే నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఉడత ఎలా ఉందని అడిగాడు. వార్డులోకి తనను రానివ్వలేదట. చెప్పాను. రెండు వేళ్ళు తీసేయాలంటున్నారని కూడా చెప్పాను.

ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రోజు క్లాసులో ఎందుకు నవ్వారు?" అని అడిగాను.

"ఎప్పటి క్లాసు?"

"బూట్లు విప్పి పడుకోమన్నప్పుడు."

"నవ్వక ఏం చేస్తాం మేడం? బయట ఎవరైనా బూట్లు విప్పి పడుకుంటారా? లేసులు రెండు ముళ్ళేసి పడుకుంటాం. దొంగల కోసం ఒక్కటే కాదు. ఎవడైనా వస్తే లేచి పరిగెత్తాలి కదా. ఆడపిల్లలైతే మరీను."

"మరి నాకు చెప్పొచ్చు కదా."

"మీరు అడగలేదు."

"ఉడత ఎందుకు విప్పింది? తనకూ తెలుసుగా."

"నేనూ అదే అన్నా. వినలేదు. 'పేపరక్క డాక్టర్ల దగ్గర కనుక్కుని రాస్తుంది, నువ్వెవరి దగ్గర కనుక్కున్నావు' అని నోరు మూయించింది." బల్ల మీద కరపత్రం తీసి అటూ ఇటూ తిప్పాడు. "ముందు మంచం రాయండి మేడం ఇందులో. బూట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు."

జూలై 3, బుధవారం

ఆపరేషన్ అయింది. చిటికెన వేలు, దాని పక్క వేలు.

జూలై 5, శుక్రవారం

డిశ్చార్జ్ అయ్యాక ఎక్కడ ఉంచాలన్నది ఇప్పటి ప్రశ్న. కోఆర్డినేటర్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫోన్లు చేశాడు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. పదకొండు చోట్లు. మూడింట్లో పద్దెనిమిది లోపు వాళ్ళనే తీసుకుంటారు. రెండింట్లో బిడ్డ తల్లులనే. ఒకటి మత్తు మానిపించే చోటు, ఉడతకు ఏ మత్తూ అలవాటు లేదు కాబట్టి అర్హత లేదు. ఒక చోట మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళాలి. మూడు చోట్ల ఖాళీ లేదు. ఒకరు ఫోను ఎత్తలేదు.

"పోనీ, ఆ పిల్లను సిగరెట్లు కాల్చడం నేర్చుకోమందామా?" అన్నాడు కోఆర్డినేటర్. తర్వాత, "సారీ మేడం" అన్నాడు.

మా ఇంట్లో వెనక గదిలో మంచం ఉంది. దాని మీద చెల్లెలి బట్టల మూటలుంటాయి. కుట్టాల్సినవి, కుట్టినవి. ఆ గది లేకపోతే ఆమె పని సాగదు. చెల్లెలు ఒప్పుకోదు. పైగా సెంటరు నియమాల్లో తొమ్మిదోది ఉంది: సిబ్బంది పిల్లలను ఇంటికి తీసుకెళ్ళకూడదు. నేను చేరకముందు ఒకామెను ఇందుకే తీసేశారట. నాకు ఈ వయసులో ఇంకో ఉద్యోగం దొరకదు.

కాబట్టి ఆ దారి లేదు.

జూలై 8, సోమవారం

వార్డుకు వెళ్ళాను. ఉడత నిద్రపోతోంది. రోజుకు పదమూడు, పద్నాలుగు గంటలు నిద్రపోతోందట. తన సర్వీసులో ఇలాంటి నిద్ర చూడలేదని వార్డు నర్సు అంది. లేచేదాకా కూర్చున్నాను.

"పక్క మంచం మామ్మ గురక వినిపించలేదా నీకు?" అంది లేవగానే. "భలే పెడుతుంది. ఎవరో పక్కనే ఉన్నట్టు హాయిగా ఉంటుంది."

"నా మీద కోపంగా ఉందా?"

"నీ మీదెందుకు? నువ్వా ఎత్తుకుపోయింది?"

"నేను విప్పమన్నాను కదా."

"నా మంచికే చెప్పావు." అరటిపండు ఒలిచి సగం నాకిచ్చింది. "ఎనిమిది వేళ్ళే కాబట్టి ఇక మీదట గోళ్ళ పని తక్కువ."

తర్వాత వార్డు నర్సును పిలిచి, "అక్కా, ఇంకో వేలు తీస్తే ఇంకో వారం ఉంచుతారా?" అని అడిగింది. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. ఉడత మా ఇద్దరి ముఖాలూ చూసి, ఆ తర్వాత నవ్వింది.

జూలై 10, బుధవారం

శుక్రవారం డిశ్చార్జ్. ఫోను ఎత్తని చోటు ఇవాళ ఎత్తింది. మూతపడి ఏడాదైందట.

చెల్లెలు ఒప్పుకోదు.

జూలై 12, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం రెండింటికి కాగితాలు ఇచ్చారు. డిశ్చార్జ్ ఫారంలో "వెళ్ళే చిరునామా" అని ఒక గడి. సెంటరు చిరునామా రాశాను. గుమస్తా చదివి, "ఇల్లు అడుగుతున్నానండీ" అన్నాడు. ఇదేనన్నాను. స్టాంపు వేశాడు. ఇంకో కాగితం మీద సూచనలు: కట్టు తడవకూడదు, రోజూ మార్చాలి, కాలు ఎత్తు మీద పెట్టాలి, పాదం నేలకు ఆనించకూడదు. వాక్యాలు బాగా రాశారు. ఎవరికైనా అర్థమవుతాయి.

టాక్సీలో సెంటరుకు మూడుంపావుకు చేరాం. రెండు కుర్చీలు దగ్గరకు జరిపి కాలు పెట్టుకుంది. లాయరు టీ తెచ్చి ఇచ్చాడు. కాలి మీద సంతకం చేస్తానన్నాడు. అది పిండికట్టు కాదని ఉడత తిట్టింది. నర్సు కట్టు చూసి, శని ఆదివారాలకు మార్చుకోవడానికి గుడ్డ, దూది, వాన పడితే తొడుక్కోవడానికి మందపాటి కవర్లు ఇచ్చింది. కవరు మీద రబ్బరు బ్యాండు మరీ బిగించకూడదని చూపించింది.

కోఆర్డినేటర్ ఇంకో నాలుగు ఫోన్లు చేశాడు. నాలుగున్నరకు ఫోను జేబులో పెట్టేసి, నా వైపు చూసి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారాలు తాళంచెవి నా దగ్గర ఉంటుంది. ఐదుకు అందరినీ పంపి బయటికొచ్చాను. షట్టరు సగంలో ఆగిపోతుంది ఎప్పుడూ.

"నువ్వు వంగకు పేపరక్కా, నడుం పట్టేస్తుంది" అని ఉడత చంకకర్ర కొసతో అంచు పట్టుకుని కిందికి నొక్కింది. షట్టరు దిగింది. తాళం వేశాను.

"సోమవారం పొద్దున్నే వస్తా" అంది.

"కాలు తడపకు" అన్నాను.

"సరే."

డిపో వైపు వెళ్ళింది. లాయరు ఆమె సంచీ పట్టుకున్నాడు. నా బస్సు ఐదూ పన్నెండుకు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది.

జూలై 13, శనివారం

పొద్దున చెల్లెలు కత్తిరింపుల బల్ల దగ్గర ఉంది. కాఫీ ఇస్తూ అంతా చెప్పాను. నెల రోజుల్లో ఉడత గురించి ఇంట్లో చెప్పడం ఇదే మొదటిసారి. ఆమె కత్తెర ఆపింది.

"మరి ఇక్కడికి తీసుకురాకపోయావా?"

"మంచం మీద నీ బట్టలున్నాయి కదా."

"బట్టలు బల్ల కింద పెట్టలేనా?"

"నువ్వు ఒప్పుకోవనుకున్నాను."

"అడిగావా?"

నేను ఆమె కాఫీ గ్లాసు ఇంకాస్త దగ్గరకు జరిపాను.

"లోకంలో అందరినీ అడుగుతావు. ఊళ్ళో ప్రతి డాక్టరునీ అడుగుతావు. పక్క గదిలో ఉన్న నన్ను అడగడానికి నీకు నెల రోజులు పట్టిందా అక్కా?"

నియమం సంగతి చెప్పాను. ఉద్యోగం పోతుందన్నాను. చెల్లెలు వెనక గదిలోకి వెళ్ళి మూటలు ఒక్కొక్కటే తెచ్చి బల్ల కింద పెట్టడం మొదలుపెట్టింది.

పదింటికి డిపో వెనక్కి వెళ్ళాను. షెడ్డు పక్కన ఎవరూ లేరు. పొద్దున్నే అధికారులు వచ్చి అందరినీ ఖాళీ చేయించారని టీ బండి అతను చెప్పాడు. నేల మీద నీళ్ళు కొట్టి కడిగారు. ఇంకా తడిగానే ఉంది.

జూలై 15, సోమవారం

ఉడత రాలేదు.

నియమాల కాగితం తీసి చదివాను. ఈ మూడేళ్ళలో మొదటిసారి పూర్తిగా. తొమ్మిదోది: "పద్దెనిమిది సంవత్సరాలు నిండని పిల్లలను సిబ్బంది తమ ఇళ్ళకు తీసుకెళ్ళరాదు." అప్పుడు తీసేసినామె తీసుకెళ్ళింది పదిహేనేళ్ళ పిల్లనట.

కోఆర్డినేటర్‌తో అన్నాను. "మీ ఇంట్లో చోటుందని నాకేం తెలుసు మేడం" అన్నాడు. అతన్నీ నేను అడగలేదు.

ఇంటికి వెళ్ళగానే చెల్లెలు, "వచ్చిందా?" అంది. మంచం మీద ఉతికిన దుప్పటి వేసి ఉంది. కాలు పెట్టుకోవడానికి రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టింది, జారిపోకుండా.

జూలై 16

రాలేదు.

జూలై 17, బుధవారం

లాయరు వచ్చాడు. పెదవి పగిలి ఉంది.

"చీకటి ఉండగానే వచ్చారు మేడం. లైట్లేశారు, కర్రలు. పరిగెత్తాం. తలో దిక్కుకి."

"ఉడత?"

"సంచీ నా చేతిలోనే ఉంది. లే అని అరిచా." పెదవి తుడుచుకున్నాడు. "తర్వాత వెనక్కి వెళ్ళి చూశా. లేదు."

సంచీ నా బల్ల మీద పెట్టాడు. నర్సు ఇచ్చిన గుడ్డ, దూది, కవర్లు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆస్పత్రికి ఫోను చేశాను. లేదు. ఇంకో రెండు ఆస్పత్రులకు చేశాను. పేరు, ఇంటిపేరు, వయసు చెప్పాను. చిరునామా అడిగారు.

జూలై 18

"వచ్చిందా?"

లేదు.

జూలై 19, శుక్రవారం

లాయరు, నేను కలిసి బస్టాండ్లు రెండు, రైల్వే స్టేషను, కూరగాయల మార్కెట్టు వెనక, వంతెన కింద చూశాం. ఉడత ఫొటో నా దగ్గర లేదు. పాదాల ఫొటోలే ఉన్నాయి. వాటిని ఎవరికీ చూపించలేదు. కుడి కాలికి కట్టు, చంకకర్ర, పంతొమ్మిదేళ్ళమ్మాయి అని చెప్పాను. కట్లు ఉన్నవాళ్ళు చాలామంది కనిపించారు.

వంతెన కింద ఇద్దరు ఆడపిల్లలు బూట్లతో పడుకుని ఉన్నారు. మధ్యాహ్నం. నేను నిలబడి వాళ్ళ లేసులు చూశాను. రెండు ముళ్ళు.

జూలై 22

క్లాసు. తొమ్మిది మంది. పాఠం ఏదన్నది రాయడం లేదు.

"వచ్చిందా?" అంది చెల్లెలు.

జూలై 24

లాండ్రీకి వెళ్ళి అడిగాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఆఫీసులో ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "ఆ అమ్మాయి కాలు తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందన్నాను.

జూలై 26, శుక్రవారం

షట్టరు దించడానికి లాయరు సాయం పట్టాడు.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు బల్ల కింది నుంచి మూటలు తీస్తోంది. స్కూలు యూనిఫారాల ఆర్డరు వచ్చిందట, నూట ఇరవై జతలు, కింద పెట్టడానికి చోటు చాలడం లేదు. ఇవాళ ఏమీ అడగలేదు. దుప్పటి మడిచింది. కుట్టిన దిండ్లు రెండూ అలమర పైన పెట్టింది. మూటలు ఒక్కొక్కటే తీసుకెళ్ళి మంచం మీద పేరుస్తోంది.

చెప్పులు విప్పి, నేనూ ఒక మూట అందుకున్నాను.